వాట్సాప్‌లో బాగున్న ఫోటో ఫ్రేమ్ కట్టిస్తే ఎందుకు మసకబారింది?

గత ఎపిసోడ్‌లో ఫోన్ స్టోరేజ్ ఖాళీ చేసుకోవడం గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద ఒకరు కామెంట్ పెట్టారు. "బ్రో, ఫోటోలన్నీ ఎలాగూ వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నాయి, గ్యాలరీలో ఒరిజినల్స్ డిలీట్ చేసేయొచ్చా?" అని. రిప్లై టైప్ చేయబోయి ఆగిపోయాను. ఎందుకంటే అచ్చం ఇదే మాట మా బావ కూడా అన్నాడు. ఆ మాట వల్ల మా ఇంట్లో ఏమైందో చెప్తాను. వెబ్‌లో పెట్టడానికి ఫోటో ఏ సైజులో ఉండాలి, ప్రింట్‌కి ఏ సైజులో ఉండాలి అన్నది కూడా అందులోనే వచ్చేస్తుంది.

మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. పోయిన సంవత్సరం మా తాతయ్య చనిపోయారు. పెద్దకర్మ నాటికి ఫోటో ఫ్రేమ్ కట్టించి దండ వేయాలి. తీరా వెతికితే ఆయన ఫోటోలే లేవు. కెమెరా అంటే తాతయ్యకి పడేది కాదు, ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేవారు. ఇక ఆధార్ కార్డు మీద ఫోటో సంగతి మీకు తెలిసిందే, దాన్ని చూసి ఆయనే నవ్వుకునేవారు. చివరికి ఒక్కటి దొరికింది. 2021లో మా అక్క పెళ్లిలో మా మేనత్త కొడుకు, అంటే బావ, తీసిన గ్రూప్ ఫోటో. ముందు వరసలో కుర్చీలో తాతయ్య కూర్చుని ఉన్నారు, కొంచెం నవ్వుతూ. ఫ్యామిలీ గ్రూప్‌లో ఉంది. ఫోన్‌లో చూస్తే ఎంత బాగుందో!

నేనే దాన్ని డౌన్‌లోడ్ చేసి, తాతయ్య వరకు క్రాప్ చేసి, టౌన్‌లో స్టూడియోకి పంపించాను. 12 బై 18 సైజు, ఫ్రేమ్‌తో సహా. ఐదో రోజు ప్రింట్ వచ్చింది. ముఖం మొత్తం మైనం కరిగినట్టుంది. కళ్లు రెండు నల్లటి మచ్చలు. విచిత్రం ఏంటంటే, అదే ఫోటోతో మా పెదనాన్న వీధి మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించారు, అదేమో బాగానే ఉంది! ఫ్రేమ్ కంటే ఎంతో పెద్దది కదా, అది బాగుండి ఇది పాడవడం ఏంటి? ఆ రోజు నాకూ అర్థం కాలేదు. స్టూడియో వాళ్ల మెషిన్ బాగాలేదేమో అనుకుని వాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను. తప్పు వాళ్లది కాదు.

సరే, అసలు విషయానికి వద్దాం. డిజిటల్ ఫోటోకి ఇంచుల్లో సైజు ఉండదు. దానికి ఉండేది పిక్సెల్స్ మాత్రమే. చుక్కల ముగ్గు తీసుకోండి. పదిహేను చుక్కల ముగ్గుని గుమ్మం ముందు దగ్గర దగ్గరగా పెడితే ముద్దుగా, నిండుగా ఉంటుంది. అవే పదిహేను చుక్కల్ని వీధి వెడల్పంతా పరిచారనుకోండి, చుక్కలు పెరగవు, మధ్యలో ఖాళీలు పెరుగుతాయి. ఫోటోని పెద్దగా ప్రింట్ తీయడం అంటే అదే. చుక్కలు అవే, దూరం పెరిగిందంతే.

ఇప్పుడు మన దగ్గర ఎన్ని చుక్కలు ఉన్నాయో లెక్కేద్దాం. బావ ఫోన్ 12 మెగాపిక్సెల్స్‌లో తీసింది. అంటే 4000 బై 3000, మొత్తం కోటీ 20 లక్షల పిక్సెల్స్. గ్రూప్‌లో మామూలుగా పంపేసరికి వాట్సాప్ దాన్ని 1600 బై 1200కి కుదించింది. అంటే 19 లక్షల 20 వేలు. ఆరింట ఒక వంతు కూడా మిగల్లేదు. అందులోంచి నేను తాతయ్య వరకు క్రాప్ చేశాక మిగిలింది 240 బై 360. దాన్ని 12 ఇంచుల వెడల్పుకి సాగదీస్తే ఇంచికి 20 పిక్సెల్స్. చేత్తో పట్టుకుని చూసే ప్రింట్ బాగుండాలంటే ఇంచికి 300 కావాలంటారు. 300 ఎక్కడ, 20 ఎక్కడ!

ఈ 300 అనే అంకె ఎక్కడిది? మంత్రం ఏం కాదు. మామూలు చూపున్న మనిషి ఒక అడుగు దూరం నుంచి చూస్తే, ఇంచికి సుమారు 300 చుక్కలు దాటాక వాటిని విడివిడిగా గుర్తుపట్టలేడు. అంతే. రెండడుగుల దూరం వెళ్తే 150 చాలు. నాలుగడుగులకి 75 చాలు. ఇప్పుడు ఫ్లెక్సీ గుట్టు తెలిసిపోయింది కదా? ఫ్లెక్సీ మీద తాతయ్య బొమ్మ రెండడుగుల వెడల్పు, అంటే ఇంచికి 10 పిక్సెల్సే. కానీ దాన్ని ఎవరూ ముక్కు ఆనించి చూడరు, రోడ్డు అవతల నుంచి చూస్తారు. నేను తర్వాత దగ్గరికెళ్లి చూశాను, అక్కడ ముఖం లేదు, గళ్లు గళ్లుగా రంగులు ఉన్నాయంతే. మీ ఫ్రెండ్స్ బర్త్‌డే ఫ్లెక్సీలు ఎప్పుడైనా కింద పరిచి ఉన్నప్పుడు చూడండి, మీకే అర్థమవుతుంది.

ఇక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. "300 డీపీఐ ఉండాలి" అని ఎక్కడో చదివి, ల్యాప్‌టాప్‌లో ఫోటో ఓపెన్ చేశాను. రిజల్యూషన్ అనే గడిలో 72 అని ఉంది. దాన్ని చెరిపేసి 300 అని కొట్టి సేవ్ చేశాను. ఫైల్ సైజు కూడా పెరిగింది. అబ్బా, పని అయిపోయిందనుకున్నాను! పాలలో నీళ్లు కలిపితే గిన్నె నిండుతుంది గానీ పాలు పెరుగుతాయా? సాఫ్ట్‌వేర్ ఉన్న రెండు పిక్సెల్స్ మధ్యలో వాటి సగటు రంగుతో కొత్తవి పెట్టింది, అంతే. ఆ 72 అనే అంకె కూడా పాతకాలం నుంచి వస్తున్నదే. 1984లో వచ్చిన మొదటి మాకింటోష్ కంప్యూటర్ స్క్రీన్ మీద ఇంచికి 72 పిక్సెల్స్ ఉండేవి. "వెబ్‌కి 72 డీపీఐ" అనే మాట అలా పట్టుకుని ఉండిపోయింది. ఇప్పటి ఫోన్ స్క్రీన్‌లలో ఇంచికి 400 చుట్టుపక్కల ఉండడం మామూలే. పైగా ఫోటో ఫైల్‌లో ఆ డీపీఐ అంకె ఎంత ఉన్నా బ్రౌజర్ గానీ ఇన్‌స్టా గానీ దాన్ని పట్టించుకోవు. అవి చూసేది పిక్సెల్స్ సంఖ్యనే.

మరి వాట్సాప్‌లో ఎందుకు అంత బాగా కనిపించింది? ఎందుకంటే మన ఫోన్ స్క్రీనే చిన్నది. చాలా ఫోన్లలో వెడల్పు 1080 పిక్సెల్స్. మీరు ఎంత పెద్ద ఫోటో చూపించినా, జూమ్ చేయకపోతే, నిలువుగా పట్టుకున్న ఫోన్ అడ్డంగా 1080 కంటే ఎక్కువ చూపించలేదు. 1600 ఫోటో దానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. కోటీ 20 లక్షల ఫోటోకి, 19 లక్షల ఫోటోకి తేడా స్క్రీన్ మీద కనిపించదు. తేడా అంతా కాగితం మీదే బయటపడుతుంది, అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

స్క్రీన్‌షాట్ సంగతి ఇంకా ఘోరం. చాలామంది ఫోటో నచ్చితే డౌన్‌లోడ్ చేయకుండా స్క్రీన్‌షాట్ కొడతారు. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో అడ్డం ఫోటోని స్క్రీన్‌షాట్ తీస్తే వచ్చేది 1080 బై 810. తొమ్మిది లక్షల పిక్సెల్స్ కూడా లేవు. దాన్ని మళ్లీ ఫార్వర్డ్ చేస్తే మళ్లీ కంప్రెస్ అవుతుంది. జేపీజీ పద్ధతి ఫోటోని 8 బై 8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, మన కంటికి అంతగా ఆనని వివరాలను తీసేస్తుంది. తిరిగి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. పది గ్రూపులు తిరిగొచ్చిన గుడ్ మార్నింగ్ ఫోటోల అంచుల్లో దోమలు ముసిరినట్టు ఉంటుందే, అది ఇదే.

మళ్లీ మా ఇంటి సంగతికి వద్దాం. ఆరో రోజు స్టూడియో అతను ఫోన్ చేశాడు, "అన్నా, ఏఐతో క్లియర్ చేసి ఇస్తాను, అదనంగా డబ్బులేం వద్దు" అని. మంచి మనసుతోనే చేశాడు. ప్రింట్ వచ్చింది. అద్భుతంగా ఉంది, ఒక్కో వెంట్రుకా కనిపిస్తోంది. నానమ్మ చేతిలో పెట్టాం. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగానే ఉన్నారు గానీ, ఎవర్రా ఈయన?" అంది.

ఎవరికీ మాట రాలేదు. మళ్లీ చూస్తే నాకూ తెలిసింది. తాతయ్యకి ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉండేది, చిన్నప్పుడు కొడవలి తగిలిందట. అది లేదు. పళ్లు వరసగా ఉన్నాయి, ఆయనవి అలా ఉండవు. ఏఐ చేసిన తప్పేం లేదు, దాని పని అదే. అయిదారు పిక్సెల్స్‌లో ఉన్న గాటు దానికి మరకలాగే కనిపిస్తుంది. పోయిన వివరం ఏంటో దానికి తెలీదు, అది చూసిన లక్షల ముఖాల్లో ఏది ఎక్కువగా ఉంటుందో అది తెచ్చి పెడుతుంది. పువ్వుల ఫోటోకో, బిల్డింగ్ ఫోటోకో ఫర్వాలేదు. మనిషి ముఖానికి, అందులోనూ ఇక మళ్లీ ఫోటో తీయలేని మనిషికి, నేనైతే వాడను. నా అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోకపోవచ్చు.

అప్పుడు బావని పట్టుకున్నాను, ఒరిజినల్ ఏదని. "స్టోరేజ్ ఫుల్ అయితే అప్పుడే డిలీట్ చేశాను, గ్రూప్‌లో ఉందిగా!" అన్నాడు. ఇదిగో, ఈ మాటే. కోపం వచ్చింది గానీ ఏమంటాం, అందరం చేసేదే. రెండు రోజుల తర్వాత మా అత్త బీరువా సర్దుతుంటే బావ పాత ఫోన్ దొరికింది. బ్యాటరీ ఉబ్బిపోయి ఆన్ అవ్వలేదు. కానీ పక్కన చిన్న మెమరీ కార్డు ఉంది. ఫోటోలు అందులోనే కాపీ అయి ఉన్నాయి. కార్డ్ రీడర్‌లో పెట్టి తెరిచేటప్పుడు నా చేతులు వణికాయి అంటే మీరు నవ్వకూడదు. పెళ్లి ఫోల్డర్‌లో అదే ఫోటో ఉంది, 4000 బై 3000.

దాంట్లో అదే క్రాప్ 600 బై 900 వచ్చింది. ఇది కూడా 12 బై 18కి చాలదు, ఇంచికి 50 మాత్రమే. అందుకే ఫ్రేమ్ సైజు తగ్గించాం. 8 బై 12 చేయించాం, ఇంచికి 75. మన ఇళ్లలో పెద్దవాళ్ల ఫోటోలు గుమ్మం పైన ఎత్తులో పెడతారు కదా, ఎవరైనా నాలుగైదు అడుగుల దూరం నుంచే చూస్తారు, అక్కడికి అది సరిపోయింది. నానమ్మకి విడిగా 4 బై 6 తీయించాను, ఇంచికి 150. చేత్తో పట్టుకుని చూసినా బాగుంది.

ఇప్పుడు మీ ఫోన్‌లోకి వద్దాం. మీలో చాలామందికి ఫోటోలు చిన్నవి చేయాల్సిన అవసరం పెద్దవి చేయడం కంటే ఎక్కువగా వస్తుంది, అవునా? ఉదాహరణకి బ్యాంక్ ఉద్యోగాల ఐబీపీఎస్ అప్లికేషన్. అందులో ఫోటో 200 బై 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ మధ్యలో అడుగుతారు. సంతకం 140 బై 60, 10 నుంచి 20 కేబీ. మా చెల్లి ఏం చేసిందంటే, స్టూడియోలో దిగిన ఒక్కగానొక్క ఫోటోని ఒక యాప్‌లో ఆ సైజుకి కుదించి, దాని మీదే సేవ్ కొట్టేసింది. అప్లికేషన్ వెళ్లిపోయింది, సంతోషం. తర్వాత హాల్ టికెట్ మీద అంటించడానికి అదే ఫోటో ప్రింట్ తీయబోతే మసక. పాస్‌పోర్ట్ సైజు అంటే 35 బై 45 మిల్లీమీటర్లు, 300 లెక్కన 413 బై 531 పిక్సెల్స్ కావాలి. తన దగ్గర మిగిలింది దాంట్లో సగం కూడా లేదు. మళ్లీ స్టూడియోకి వెళ్లి దిగింది.

కాబట్టి సేవ్ నొక్కే ముందు అది కాపీగా సేవ్ అవుతోందా, ఒరిజినల్ మీద పడుతోందా చూసుకోండి. కొన్ని ఫోన్లలో ఎడిట్‌ని వెనక్కి తీసుకోవచ్చు, బయటి యాప్‌లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. నేనైతే ముందు డూప్లికేట్ చేసుకుని, ఆ డూప్లికేట్ మీదే ప్రయోగాలు చేస్తాను. ఇంకో మాట, "20 కేబీకి కంప్రెస్ చేయండి" అని గూగుల్‌లో కొడితే వచ్చే సైట్లన్నింటిలో మీ ఫోటో, సంతకం, ఆధార్ పడేయకండి. అవి వాళ్ల సర్వర్‌కి వెళ్తాయి. స్క్వూష్ అని గూగుల్ క్రోమ్ టీమ్ వాళ్లు చేసిన టూల్ ఉంది, బ్రౌజర్‌లో తెరిస్తే ఫోటో మీ ఫోన్‌లోనే చిన్నదవుతుంది, ఎక్కడికీ అప్‌లోడ్ అవ్వదు. వెడల్పు, క్వాలిటీ మార్చుతుంటే ఫైల్ ఎంత అవుతుందో పక్కనే చూపిస్తుంది.

ఇన్‌స్టాకి వెడల్పు 1080 పెట్టుకుంటే చాలు. సొంత వెబ్‌సైట్‌కో, పోర్ట్‌ఫోలియోకో అయితే పొడవు వైపు 1600 నుంచి 2000, క్వాలిటీ 80 దగ్గర. 4 ఎంబీ ఫోటోలు పది పెట్టిన పేజీ తెరవాలంటే చూసేవాడి డేటా 40 ఎంబీ పోతుంది. ఊళ్లో సిగ్నల్ ఒక గీత ఉన్నవాడు మీ పేజీ తెరుచుకునేదాకా ఆగడు. "నేను ఒరిజినల్ పెట్టేస్తాను, వాళ్లే చూసుకుంటారు" అంటే, ఆ యాప్‌లు వాటికి నచ్చినట్టు కుదిస్తాయి. మనం కుదించుకుంటే ఎలా కనిపిస్తుందో ముందే చూసుకోవచ్చు.

ప్రింట్‌కి మాత్రం దేన్నీ కుదించకండి, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. వాట్సాప్‌లోనే పంపాలంటే గ్యాలరీ గుర్తు కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైల్ మారదు. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ మామూలుదాని కంటే చాలా నయం, కానీ అది కూడా అచ్చం ఒరిజినల్ కాదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫోటోలో దాగున్న లొకేషన్ కూడా వెళ్లిపోతుంది. స్టూడియోకైతే ఫర్వాలేదు, పాత బైక్ కొంటానన్న ముక్కూమొహం తెలియనివాడికి ఇంట్లో తీసిన ఫోటో అలా పంపకండి. ఐఫోన్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, మీ ఫోటోలు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటాయి, కొన్ని షాపుల్లో అవి తెరుచుకోవు, జేపీజీగా మార్చి ఇవ్వండి.

తల తెగిపోవడం గురించి కూడా చెప్పేయాలి, ఇది చాలామందికి జరుగుతుంది. ఫోన్ ఫోటో ఆకారం 4 బై 3. ప్రింట్లేమో 4 బై 6, 8 బై 12, 12 బై 18, ఇవన్నీ 3 బై 2 ఆకారం. 4000 బై 3000 ఫోటో అందులో పట్టాలంటే 4000 బై 2667 అవ్వాలి, అంటే 333 వరసలు కోసేయాలి. ఎక్కడ కోయాలో మీరు చెప్పకపోతే మెషిన్ కోస్తుంది, పైన నిలబడ్డ పొడుగు బాబాయ్ జుట్టు ఎగిరిపోతుంది. మీరే ముందుగా 3 బై 2లో క్రాప్ చేసి ఇవ్వండి. ఇంకా, స్క్రీన్ వెనక లైట్ ఉంటుంది, కాగితానికి ఉండదు, అందుకే ప్రింట్ ఎప్పుడూ కొంచెం చీకటిగా వస్తుంది. ముందు ఒక 4 బై 6 తీయించి చూసుకుని, తర్వాత పెద్దది ఆర్డర్ ఇవ్వండి.

50 మెగాపిక్సెల్స్ ఫోన్ ఉన్నవాళ్లు "మాకేం భయం" అనుకోకండి. మామూలు మోడ్‌లో ఆ ఫోన్లు నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్స్ ఫోటోనే ఇస్తాయి. ఫుల్ రిజల్యూషన్ కావాలంటే కెమెరాలో విడిగా ఆప్షన్ ఆన్ చేయాలి. రోజూ అక్కర్లేదు. పెద్దవాళ్లందరూ ఒకచోట కూర్చున్నప్పుడు, మంచి వెలుగులో, ఒక్క ఫోటో అలా తీసి పెట్టుకోండి. తర్వాత ఎవరిని క్రాప్ చేయాల్సి వస్తుందో మనకి తెలీదు కదా.

ఇక కామెంట్ పెట్టిన బ్రదర్‌కి జవాబు. డిలీట్ చేయొద్దు, ఇప్పుడే కాదు. గ్రూప్‌లో ఉన్నది మీ ఫోటోకి చిన్న కాపీ మాత్రమే. ముందు ఒరిజినల్స్‌ని హార్డ్‌డిస్క్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో, క్లౌడ్‌లోకో మార్చండి. గూగుల్ ఫోటోస్ అయితే సెట్టింగ్స్‌లో ఒరిజినల్ క్వాలిటీ ఉందో, స్టోరేజ్ సేవర్ ఉందో చూసుకోండి, సేవర్‌లో 16 మెగాపిక్సెల్స్ దాటినవి కుదిస్తుంది, చిన్నవాటిని కూడా కంప్రెస్ చేస్తుంది. కాపీ అయిందని ఒక నాలుగు ఫోటోలు తెరిచి, డీటెయిల్స్‌లో పిక్సెల్స్ చూసి, అప్పుడు ఫోన్‌లోంచి తీసేయండి.

నానమ్మ ఆ 4 బై 6 ఫోటోని ఫ్రేమ్ కట్టించనివ్వలేదు. దిండు కింద పెట్టుకుంటుంది. మొన్న వెళ్లినప్పుడు తీసి చూపించింది, కనుబొమ్మ మీద వేలు పెట్టి, "ఇది తగిలినప్పటికి ఆయనకి పదేళ్లు" అంటూ ఆ కొడవలి కథ మొదటి నుంచి చెప్పింది. నేను ఎన్నోసారి వింటున్నానో లెక్క లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో పాత ఆల్బమ్‌లోని ప్రింట్లని ఫోన్‌తో మెరుపు పడకుండా ఎలా స్కాన్ చేయాలో చూద్దాం. మీ ఇంట్లో ఆల్బమ్ ఉంటే ఈలోపు దుమ్ము దులిపి పెట్టుకోండి. ఉంటాను మరి.